ఇట్టూప్ చెవులకు పనసాకులు

కుట్టనాడులో కాలవ ఒడ్డున ఒక ఇల్లు. ముందు గదిలో ఇట్టూప్ పెద్దాయన శవపేటిక. పక్క వసారాలో ఆయన కొడుకు రెజీ, ఆయన స్నేహితుడు భార్గవన్ మాష్టారు.

"ఫోటో తీసేవాడొచ్చి గంటయింది మాష్టారూ. పెట్టె చుట్టూ నిలబడితే ఫోటో అయిపోతుంది. ఆ రెండు ఆకులూ తీసెయ్యమని మా అమ్మచ్చికి మీరొక్క మాట చెప్పండి."

"ఆకులనకు రెజీ. కుణుక్కులు."

"మా నానమ్మ పెట్టుకునేది కుణుక్కులు. బంగారంవి. ఇవి ఈనెపుల్ల గుచ్చిన పనసాకులు. నిన్న సాయంత్రం మా అప్పచ్చన్ చెవులకి, మేకకి మేత కట్టినట్టు కట్టి ఇంటికి పంపించారు మీరు."

"మీ నాన్న ఓడిపోయాడు, పెట్టించుకున్నాడు. పేకలో ఓడినవాడి చెవికి కుణుక్కు వేలాడదీయడం నేను కనిపెట్టిన విద్యా? మీ తాత కాలం నుంచీ ఉన్నదే. మళ్ళీ ఒక ఆట గెలిస్తే ఊడిపోతుంది. గెలవకముందే..."

"గెలవకముందే పోయాడు మాష్టారూ!"

"గెలవకముందే తియ్యకూడదు. అదీ నియమం. బళ్ళో కూడా నీది ఇదే జబ్బు, లెక్క పూర్తవకముందే జవాబు అరిచేవాడివి."

"మనిషే పోయాక ఇంకా నియమమేమిటి?"

"మనిషి పోతే ఆట పోతుందా?"

"సరే, ఆయన సంగతి వదిలెయ్యండి. గేటు దగ్గర కుట్టప్పన్ చేట్టన్ని చూశారా? ఆయన చెవులకీ రెండాకులు! వచ్చిన ప్రతివాళ్ళకీ దణ్ణం పెట్టి, చెప్పులక్కడ విడవండి అంటున్నాడు. దణ్ణం పెట్టినప్పుడల్లా ఆకులు ఊగుతున్నాయి. పలకరింపుకొచ్చినవాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలీక కాలవకేసి చూస్తున్నారు."

"కుట్టప్పన్ మీ నాన్న జోడీ. జోడీ ఓడితే ఇద్దరూ ఓడినట్టేగా. పాపం, పొద్దున్న నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు వాడు."

"నన్ను చూసి పాపం అనేవాళ్ళు లేరా? మధ్యాహ్నం మా హెడ్డాఫీసు నుంచి జనరల్ మేనేజరు వస్తున్నారు. పూలదండ పట్టుకుని వస్తారు. వచ్చి చూస్తే? మా నాన్నగారండీ, చెవులకి ఆకులండీ, ఏమీ లేదండీ, నిన్న పేకలో ఓడారండీ అని చెప్పనా?"

"ఎవరూ, మొన్న మీ బ్యాంకులో చెంచా నోట్లో కరుచుకుని, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తాడే, ఆయనేనా?"

"అది ట్రైనింగు మాష్టారూ. ఉల్లాసం గంట. పని ఒత్తిడి తగ్గడానికి శుక్రవారం శుక్రవారం పెడతారు."

"హాజరుపట్టీ కూడా ఉంటుందటగా?"

"ఉంటుంది. లేకపోతే ఎవరొస్తారు?"

"బెలూన్లు ఎక్కువ పగలగొట్టినవాడికి సర్టిఫికెట్ కూడానట. మీ నాన్నే చెప్పాడు, నీకు రెండొచ్చాయని."

"మీరు వెటకారం చెయ్యకండి."

"వెటకారమా? అర్థం చేసుకుంటున్నా నాయనా. కొచ్చి నుంచి డబ్బిచ్చి మనిషిని రప్పించి, సంతకం పెట్టించి ఆడిస్తే అది ఆరోగ్యం. బోటు రేవు షెడ్డులో నలుగురు ముసలాళ్ళు ఊరికే ఆడుకుంటే సిగ్గుచేటు. నేను లెక్కల మాష్టార్నిగా, నిదానంగా ఎక్కుతుంది."

"మాష్టారూ, మూడింటికి సమాధి. అంతకుముందు ఫాదర్ ప్రార్థన. నా బాధ అర్థం చేసుకోండి. ఒక్క ఫోటో. జీవితాంతం హాల్లో గోడకి ఉండేది. అందులో ఆయన కాస్త పెద్దమనిషిలా ఉండాలని నాకుండదా?"

"ఉంటుందిరా. ఉండాలి కూడా. అయితే ఆ మాట నాతో కాదు. అదిగో, మీ అమ్మే వస్తోంది."

"అమ్మచ్చీ, నువ్వెందుకు లేచొచ్చావ్? శవం దగ్గర ఎవరున్నారు?"

"మీ మేనత్త ఉంది. ఇద్దరికి సరిపడా ఏడుస్తోంది. కొత్తవాళ్ళు గడప దాటగానే మొదలు, వాళ్ళు కూర్చోగానే కాఫీ. పది నిమిషాలు నేను లేకపోతే ఎవరికీ తెలీదు. ఏమిటి మీ ఇద్దరి గుసగుసలు?"

"ఏం లేదు అమ్మచ్చీ. ఆ ఆకులు..."

"ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను."

"చూశారా మాష్టారూ! స్నానం చేయించేటప్పుడూ ఇదే వరస. కొత్త జుబ్బా తొడగనిచ్చింది, తల దువ్వనిచ్చింది, చెవుల దగ్గరికి రానివ్వలేదు. అమ్మచ్చీ, నువ్వే కదా ఇన్నేళ్ళూ తిట్టావ్? ఆ షెడ్డు మీద పిడుగు పడా అని రోజూ సాయంత్రం దీపంతో పాటు తిట్లు వెలిగించేదానివి."

"తిట్టాను. మళ్ళీ పుట్టినా తిడతాను. అది నాకూ ఆయనకీ మధ్య వ్యవహారం. నీకేం?"

"అయితే ఇప్పుడెందుకు కాపలా?"

"నిన్న గంజి పోస్తూ కూడా తిట్టాను. ముసలాడివి, ఆ ఆకులతోనే మంచమెక్కుతావా, తీసి పారెయ్యి అన్నాను. 'గెలిస్తేగానీ తియ్యను రాహేలూ. రేపు మాష్టారి చెవులకి అరిటాకులు కడతాను, నిండు ఆకులు, భోజనం వడ్డించుకోవచ్చు' అన్నాడు. నవ్వుకుంటూ పడుకున్నాడు. పొద్దున్న లేపితే లేవలేదు. ఆయన ఆఖరి మాట అది. ఆ మాటని అబద్ధం చేసి పెట్టెలో పెట్టమంటావా? చెప్పరా. బ్యాంకు మేనేజరువి, చెప్పు."

"అమ్మచ్చీ, నేనూ కొడుకునే. నాకూ బాధగా ఉంది. కానీ జనం నవ్వుతారు."

"నవ్వనీ. ఆయనకి అదేగా కావలసింది. బతికినంతకాలం మనుషుల్ని నవ్వించాడు, ఇవాళ మానెయ్యమంటే మానేస్తాడా?"

"మాష్టారూ, మీరన్నా చెప్పండి. లెక్క కట్టి చెప్పండి."

"ఒక్క దారుంది రెజీ. పొద్దున్న నుంచీ అదే ఆలోచిస్తున్నా. చెప్తే నన్ను గేటు బయటికి గెంటుతావని ఊరుకున్నా."

"చెప్పండి."

"ఒక ఆట వేద్దాం. ఇక్కడే, ఈ వసారాలో. చేపలమ్మే హంసా, నేనూ ఎప్పట్లాగే ఒక జోడీ. కుట్టప్పన్, మీ నాన్న ఒక జోడీ. మీ నాన్న ముక్కలు ఎవరో ఒకరు పట్టుకుంటారు. హంసా, నేనూ నోరు మూసుకుని ఓడిపోతాం. గెలిచాడు కాబట్టి కుణుక్కులు తీస్తాం. నియమం నిలిచింది, నీ ఫోటో నిలిచింది."

"ముందు గదిలో శవం, పక్క గదిలో పేకాట!"

"తలుపు వేస్తాం."

"మాష్టారూ, మీకు మతి గానీ..."

"ఆగరా రెజీ. మాష్టారూ, ఆట సరే. ఓడిపోతామన్నారే, ఆ మాట వెనక్కి తీసుకోండి."

"ఎందుకు రాహేలమ్మా? ఆయన కోసమేగా?"

"ఆయన కోసమా? ఒకసారి ఆయనకి జ్వరంగా ఉంటే జాలిపడి మీరిద్దరూ కావాలని ఓడారు. గుర్తుందా? ఏమైంది?"

"ఓణం పండగ దాకా నాతో మాట్లాడలేదు."

"మీరు పంపిన పాయసం కూడా వెనక్కి పంపేశాడు. దొంగ గెలుపుతో కుణుక్కు తీస్తే ఇప్పుడు పెట్టెలోంచి లేచి తంతాడు. లేస్తే నాకు సంతోషమే అనుకోండి. ఆడితే సరిగా ఆడండి. లేదా ఆకులతోనే సమాధి చేద్దాం."

"మరి ఆయన ముక్కలు ఎవరు ఆడాలి? సరిగా ఆడాలంటే ఆట వచ్చినవాడు కావాలిగా. షెడ్డులో అప్పుడప్పుడూ మాతో ఆడే చాందీ ఆస్పత్రిలో ఉన్నాడు. రెజీకి రాదు."

"నేను ఆడతాను."

"నువ్వా? అమ్మచ్చీ, నీకు పేకముక్క ఎటు పక్క పట్టుకోవాలో తెలుసా?"

"నలభై ఏళ్ళు ఒకదాన్ని తిట్టాలంటే దాని గురించి ఎంత తెలిసుండాలిరా! వానాకాలంలో షెడ్డులోకి నీళ్ళొచ్చి నెలరోజులు ఆట ఆగిపోయేది కదా. అప్పుడు మీ అప్పచ్చన్ ఎవరితో ఆడాడనుకున్నావ్? కప్పలతోనా?"

"అంటే... రాహేలమ్మా... వానలు వెలిశాక ఇట్టూప్ ఏటా కొత్త కొత్త ఎత్తులు వేసేవాడు. మేం బుర్రలు బద్దలు కొట్టుకునేవాళ్ళం, ఎక్కడ నేర్చాడా అని..."

"ఎత్తులు నావి. ఓడిపోవడం ఆయన సొంతం."

"అమ్మచ్చీ, నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీకు చెప్తే హాజరుపట్టీ అడుగుతావని. వెళ్ళు, కుట్టప్పన్ని, హంసాని పిలువు. ముందు గదిలో చర్చి పాటల వాళ్ళని ఇంకో రెండు పాటలు ఎక్కువ పాడమను. పొడుగువి."

పక్క వసారాలో తలుపు వేసి చాప పరిచారు. నలుగురు కూర్చున్నారు. రెజీ మాష్టారికీ కుట్టప్పన్‌కీ వెనక నిలబడ్డాడు.

"హంసా, ఏడుపాపు. ముక్కలు తడుస్తున్నాయి. చేపల బుట్ట కాదు ఇది, పేక. పంచు."

"మాష్టారూ, తొందరగా కానివ్వండి. రెండో పాట ఎత్తుకున్నారు."

"తొందరపడితే ఇరవై ఎనిమిది పాయింట్ల ఆట అవదు రెజీ, మీ బ్యాంకు పని అవుతుంది. ముందు నాలుగేసి ముక్కలు. చూసుకున్నారా? ఎన్ని పాయింట్లు తెస్తారో పాడండి. కుట్టప్పా?... తల అడ్డంగా ఊపకు, నోటితో చెప్పు. సరే, వద్దన్నాడు. నేను పద్నాలుగు."

"పదహారు."

"రాహేలమ్మా, నాలుగు ముక్కలే వచ్చాయి. చూసుకుని పాడు. నాది పదిహేడు."

"ఇరవై."

"ఇరవయ్యా!"

"చెవుడా మాష్టారూ?"

"ఇట్టూప్ కూడా ఇంతే. చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు, గొంతు మాత్రం జమీందారుది. సరే, ఇరవై నీది. తురుపు ముక్క బోర్లా పెట్టు. హంసా, మిగతా నాలుగూ పంచు."

"అమ్మచ్చీ, ఇరవై తేకపోతే?"

"ఓడినట్టు."

"మరి పదహారు దగ్గర ఆగొచ్చుగా? ఎందుకీ సాహసం?"

"ఆడేటప్పుడు కూడా భద్రంగా ఉండాలంటే ఆడటం దేనికిరా? వెళ్ళి డిపాజిట్టు చేసుకో."

"అరే, కుట్టప్పన్ చేట్టన్ దగ్గర రాజుంది. రాజు వెయ్యక ఆ చిన్న ముక్క..."

"పక్కవాళ్ళ ముక్కలు బయటపెట్టకు రెజీ! పైగా ఇందులో రాజుకి పైసా విలువ లేదు. జాకీదే పెత్తనం. మూడు పాయింట్లు. తర్వాత తొమ్మిది, రెండు పాయింట్లు. ఆసు, పది తలా ఒకటి. రాజు, రాణీ ఉత్త బొమ్మలు."

"అదెక్కడి న్యాయం?"

"బంట్రోతు జనరల్ మేనేజరు కన్నా పెద్దన్నమాట. నీకు మింగుడు పడదులే. ఊరికే చూడు."

"నాది ఆసు. హంసా పది వేశాడు. ఈ పట్టు నాది మాష్టారూ."

"పట్టుకో. చెయ్యి తిరిగిన ఆట రాహేలమ్మా నీది. ఏమోయ్ ఇట్టూప్, ఇన్నేళ్ళు మమ్మల్ని మోసం చేశావు కదోయ్!"

"ఆయన్ని పిలవకండి. నవ్వొస్తే ఆట పోతుంది."

"అమ్మచ్చీ, పదకొండు అయ్యాయి! కుట్టప్పన్ చేట్టన్, ఆ డైమన్ జాకీ ఇప్పుడు... ఆఁ, అదీ! పద్నాలుగు, ఆ పదితో కలిపి పదిహేను!"

"నువ్వెందుకురా గెంతుతున్నావ్? పెద్దమనిషివి, నలుగురూ చూస్తారు."

"నేనెక్కడ గెంతాను? కాలు తిమ్మిరెక్కింది."

"తురుపు చూపించు రాహేలమ్మా. హంసా అడుగుతున్నాడు."

"ఇస్పేటు."

"ఇస్పేటా... అబ్బా."

"ఏం మాష్టారూ, ముఖం మాడింది?"

"ఏం లేదు. ఆడు."

"ఇది కూడా నాదే. పద్దెనిమిది. ఇంక రెండు చాలు. ఎవరికెన్ని ముక్కలున్నాయి? రెండేసి. ఇదిగో, ఇస్పేటు తొమ్మిది."

"తొమ్మిదంటే రెండు పాయింట్లు! ఇరవై! అమ్మచ్చీ, గెలిచేశావ్!"

"అరవకు. పట్టు ఇంకా పూర్తవలేదు. హంసా వేశాడు. కుట్టప్పన్ వేశాడు. మాష్టారూ, మీరే మిగిలారు. దించండి. పాట అయిపోవస్తోంది."

"మాష్టారూ... మీ చేతిలో... మాష్టారూ, ఆ ఏడు వెయ్యండి. ఏడు కూడా ఇస్పేటేగా. వేస్తే తప్పేం లేదు కదా? నేను ఎవరికీ చెప్పను."

"నీకు ఆట రాదుగా రెజీ?"

"ఇప్పుడొచ్చింది. ఏడు వెయ్యండి మాష్టారూ. మీకు దణ్ణం పెడతా. ఫోటో కోసం కాదు. నిజంగా ఫోటో కోసం కాదు. అప్పచ్చన్ గెలవాలి. ఒక్కసారి."

"రాహేలమ్మా, నాకు ముక్కలు సరిగ్గా కనబడటం లేదు. కళ్ళజోడు..."

"కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. కన్నీళ్ళు తుడుచుకోండి, కనబడుతుంది. మీ దగ్గర ఇస్పేటు జాకీ ఉందని, నేను ఇస్పేటు అనగానే మీరు అబ్బా అన్నప్పుడే తెలిసింది నాకు."

"తెలిసీ తొమ్మిది వేశావా?"

"వెయ్యక? మీరు దాస్తారో లేదో చూద్దామని. ఆయన ముందు ఎప్పుడైనా దాచారా?"

"ఆ జ్వరం రోజు తప్ప లేదు."

"నా ముందు దాస్తే, మొగుడు పోయిన ఆడదాన్ని చూసి జాలిపడినట్టు. పొద్దున్న నుంచీ వందమంది పడ్డారు, కడుపు నిండిపోయింది. మీరన్నా నన్ను ఎదుటి జట్టులా చూడండి."

"...ఇదిగో. జాకీ."

"ఊఁ. మిగిలిన ఒక్క పట్టూ మీ ఇస్పేటు ఏడుదే. పద్దెనిమిది దగ్గరే ఆగిపోయాం. ఓడాం కుట్టప్పా. తల దించుకోకు, ఆకులు రాలతాయి."

"అయిపోయింది! బాగుంది! ఇప్పుడేమిటి మాష్టారూ, మీ నియమం? ఇంకో ఆకు కోసుకొస్తారా? మూడోది ఎక్కడ పెడతారు, ముక్కుకా?"

"రెజీ..."

"ఇంకో ఆట వెయ్యండి. అమ్మచ్చీ, లే. నేను కూర్చుంటాను. నేను ఆడతాను. హంసా, పంచు! చూస్తారేం, పంచు!"

"ఒరేయ్, బోటు మోత వినబడటం లేదూ? ఫాదర్ వచ్చేశారు. టైము లేదు."

"అయితే అప్పచ్చన్ ఓడిపోయే వెళ్ళిపోతాడా? అమ్మచ్చీ! ఓడిపోయే?"

"ఏడవకు. ఇన్నాళ్ళకి ఆయన కోసం ఏడ్చావ్, అదీ పేకాట దగ్గర. ఆయన చూస్తే మురిసిపోయేవాడు. మాష్టారూ, ఇప్పుడు ఓడింది ఎవరు?"

"ఇట్టూప్ జోడీ."

"ముక్కలు పట్టుకుందెవరు? ఇరవై పాడిందెవరు?"

"నువ్వు."

"మరి కుణుక్కు ఎవరి చెవికి పెట్టాలి? ఓడినవాళ్ళ చెవికేగా?"

"రాహేలమ్మా, అదీ..."

"ఆయన తరఫున కూర్చున్నాను. ఆయన పొలం నాకొచ్చింది, ఇల్లు నాకొచ్చింది. బాకీపడ్డ ఆకులు మాత్రం ఆయన చెవులకే వదిలేసి పంపిస్తానా? అవి తీసి నాకు పెట్టండి. ఆయన లెక్క అక్కడికి సరి. రెజీ, నువ్వెళ్ళి తియ్యి. మెల్లగా, ఈనె విరగ్గొట్టకు. మీ మేనత్త కెవ్వుమంటే కాఫీ ఇమ్మని చెప్పు."

"అమ్మచ్చీ, నువ్వు సమాధి దగ్గరికి... చర్చికి... వీటితోనే వస్తావా?"

"తలమీద ముసుగు ఉంటుందిగా. గాలొస్తే ఊగుతాయి. ఊగనీ."

"ఫోటోలో?"

"ఫోటోలో మీ అప్పచ్చన్ పెద్దమనిషిలా ఉంటాడు. నీకు కావలసింది అదేగా? నా గురించి మీ జనరల్ మేనేజరు అడిగితే ట్రైనింగని చెప్పు."

"...తెస్తాను. ఉండు. నేనే పెడతాను నీకు."

"వెళ్ళాడు పాపం, కళ్ళు తుడుచుకుంటూ. మాష్టారూ, మీరెందుకింకా కూర్చున్నారు?"

"ముక్కలు సర్దుతున్నా రాహేలమ్మా. చిన్నప్పటి నుంచీ వాడితో ఆడాను. ఒక మాట చెప్పాలి. నలభై ఒకటో రోజు ప్రార్థనలయ్యేదాకా షెడ్డు మూసేద్దామనుకున్నాం. వాడి మీద గౌరవంగా. ఆ తర్వాత కూడా తెరవబుద్ధవుతుందో లేదో. నలుగురిలో ఒకడు పోతే ఆట ఎక్కడిది?"

"నలభై ఒక్క రోజులు నన్ను ఈ ఆకులతో తిరగమంటారా? రేపు నాలుగింటికి వస్తాను. ఆయన కుర్చీ తుడిచి ఉంచండి."